చక్రాల మేస్త్రి వేపపుల్ల

చీపురుపల్లిలో రైలు పట్టాల పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక ముసలాయన ఇనప చక్రాలని కొరికేవాడు. వేళాకోళం కాదు, నిజంగానే. చక్రాన్ని దుంగ మీద నిలబెట్టి, వేపపుల్ల ఒక కొస పళ్ళ మధ్య బిగించి, రెండో కొస చక్రానికి ఆనించి, చిన్న సుత్తితో టక్కున కొట్టి కళ్ళు మూసుకునేవాడు. చూసినవాళ్ళు పగలబడి నవ్వేవారు. "మేస్త్రి సక్రానికి ముద్దెట్టుకుంతన్నాడ్రా" అనేవారు. ఆయన వాళ్ళకేసి తిరిగి చూసేవాడు కూడా కాదు. పుల్లని ఇంకో ఊచ దగ్గరికి జరిపేవాడు.

ఆయన పోయి రెండు వారాలు దాటింది. పేరు రాయను. ఆఖరి నాలుగేళ్ళూ పేరు పెట్టి పిలిస్తే ఆయన పలికేవాడూ కాదు, ఎందుకో తర్వాత చెప్తాను. చుట్టుపక్కల అందరూ చక్రాల మేస్త్రి అనేవారు. నాకూ అదే అలవాటు.

నాకు గజపతినగరంలో ఇనప సామాన్ల కొట్టు. మా తాత పారలూ గునపాలూ అమ్మాడు. మా నాన్న వాటికి తాళాలూ మేకులూ చేర్చాడు. నేను తోపుడుబళ్ళ చక్రాలు చేర్చాను. మా వంశానికి నేను చేసిన సేవ ఇంతే. ఆ చక్రాలు మేస్త్రివి. పాతికేళ్ళ పాటు నెలకోసారి ఆయన షెడ్డుకి వెళ్ళి, గంట కూర్చుని, ఆయన చేత తిట్లు తిని, సరుకు తెచ్చుకున్నాను.

చక్రం చెయ్యడమంటే నడుమ మొదలుపెట్టి అంచుకి వెళ్ళడం అనుకునేవాణ్ణి. మేస్త్రి అంచు నుంచి నడుమకి వచ్చేవాడు. ముందు ఇనప పట్టాని గుండ్రంగా వంచి అతికేవాడు. దాని లోపలి వైపు ఊచలు బిగించేవాడు. ఆ ఊచల్ని ఆకులంటారు. మామూలు తోపుడుబండి చక్రానికి ఎనిమిది ఆకులు. ఎనిమిది కొసలూ నడుమకి వచ్చి ఒకదాన్నొకటి తాకకుండా గాల్లో ఆగిపోతాయి. అక్కడ ఇసకతో అచ్చు కట్టి, కొసలు అచ్చులో ఉండేలా అమర్చి, కరిగిన ఇనుము పోసేవాడు. అది గడ్డకట్టి ఎనిమిదింటినీ పిడికిట్లో పట్టినట్టు పట్టుకుంటుంది. ఆ ముద్దే చక్రం బొడ్డు. ఇరుసు దూరేది అందులోనే. ఇసకలో చెమ్మ ఎక్కువైనా, ఆకు కొసకి తుప్పున్నా లోపల గాలి బుడగ మిగిలిపోతుంది. పైకి నున్నగా, బంగారంలా ఉంటుంది చక్రం. లోపల మాత్రం ఆ ఆకుకీ బొడ్డుకీ సంబంధం ఉండదు. ఏదో ఒకనాడు బరువు మీద పడ్డప్పుడు ఊడి వస్తుంది.

ఈ లోపం కంటికి కనపడదు, చెవికే దొరుకుతుంది. అందుకని శుక్రవారం బట్టీ, శనివారం పరీక్ష. ఆ రెండు రోజులూ ఆయన మార్చేవాడు కాదు. ఒకసారి నాకు తొందరగా ఉండి, ఇంకా వేడిగా ఉన్న చక్రాన్ని కొట్టి చూడమన్నాను.

"ఏడి మీదున్న ఇనుము అబద్దం ఆడతాది సావుకారీ. సల్లారనీ, అప్పుడడుగుదాం" అన్నాడు.

ఈ మాట ఇనుముకే కాదు, భార్యకీ వాడేవాడు. ఆవిడ ఇసక జల్లించేది, అచ్చు గట్టిగా నిలవడానికి బెల్లం మడ్డి కలిపి తొక్కేది, ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన్ని దులిపేసేది. ఆవిడ గొంతు స్టేషను దాకా వినపడేది. ఈయన మాత్రం "సల్లారనీ, సల్లారనీ" అంటూ అచ్చు సర్దుకునేవాడు. దాంతో ఆవిడకి ఇంకా మండిపోయేది.

శనివారం పరీక్ష చూడడం నాకు సరదాగా ఉండేది. ఒక్కో ఆకుని సుత్తితో కొట్టేవాడు. మంచిదైతే ఖంగుమని మోగి కాసేపు గాల్లో నిలిచేది. చెడ్డదైతే పగిలిన కుండని తట్టినట్టు బొద్దుమనేది. హౌరా లైను కదా, రైళ్ళకి కొదవ లేదు. దూరంగా రైలు కూత వినగానే సుత్తి ఎత్తి పట్టుకుని ఆగిపోయేవాడు. ఎన్ని పెట్టెలున్నా సరే, చివరి పెట్టె దాటి చప్పుడంతా సద్దుమణిగాకే దెబ్బ వేసేవాడు. ఆ చెయ్యి ఎత్తిపట్టుకుని నిలబడ్డ మనిషే ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాడు.

ఒక్క ఆకు మోగకపోయినా ఆ చక్రాన్ని సమ్మెటతో పగలగొట్టి మళ్ళీ బట్టీలో వేసేవాడు. నాకు ప్రాణం ఉసూరుమనేది. వర్తకుణ్ణి కదా.

"ఒక్క ఆకే కద మేస్త్రీ. కూరగాయల బండికి ఇచ్చీ, అంత బరువుండదు" అన్నానొకసారి.

"కూరగాయల బండి కింద మనిసి కాలుండదేటి?" అన్నాడు.

నాలుగేళ్ళ కిందట, వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక శనివారం వెళ్ళాను. గూడ్సు బండి వస్తోంది. చెయ్యెత్తుతాడని చూశాను. ఎత్తలేదు. బండి షెడ్డు పక్కనించే వెళ్తోంది, రేకులు దడదడలాడుతున్నాయి, ఈయన పట్టాలకి వీపు పెట్టి ఆకుల్ని కొడుతూనే ఉన్నాడు. కొట్టి, తలాడించి, చక్రాన్ని మంచివాటి వరసలోకి దొర్లించాడు. బండి దాటాక దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను.

"ఏటి మేస్త్రీ, రైలెల్తంటే సక్రం మోత ఇనిపించిందేటి నీకు?"

ఆయన నా పెదవులకేసి చూశాడు. తర్వాత పట్టాలకేసి చూశాడు.

"ఏ రైలు?" అన్నాడు.

సుత్తి పక్కన పెట్టి దుంగ మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి చిన్న పిల్లాడిలా అయిపోయాడు. "వానలు మొదలైన కాడ్నించి తగ్గిపోతన్నాది. ముందు పిట్టల కూత పోనాది. తరవాత మాటలు పోనాయి. మా ఇంటిది అరుస్తాది కాబట్టి సరిపోతన్నాది, ఎవలికీ తెలీలేదు. డాట్రు సూసి, ఇది బాగవ్వదనీసినాడు." నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవలికీ సెప్పకు సావుకారీ. సెవిటోడు మోగించిన సక్రం ఎవడు కొంటాడు?"

నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన మీద జాలితో అని రాసుకుంటే బాగుండును గానీ, ఆ చక్రాలు నా కొట్టులో బాగా పోతున్నాయన్నది కూడా నిజం.

ఆయన మాత్రం ఆ మర్నాటి నుంచి పోత ఆపేశాడు. నెల రోజులు బట్టీ వెలగలేదు. ఒకరోజు పొద్దున్నే నేను కొట్టు తలుపు తీస్తూంటే బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. చేతిలో వేపపుల్ల.

"మోగింది సావుకారీ! పుల్లకి మోగింది!" అని వీధంతా వినపడేలా అరిచాడు. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా.

జరిగిందేమిటంటే, పొద్దున పళ్ళు తోముకుంటూ పాత చక్రం మీద పడ్డ చెత్త తీద్దామని వంగాడట. నోట్లో పుల్ల చక్రానికి తగిలింది. అదే సమయానికి భార్య కోపంగా విసిరిన గరిటె వచ్చి చక్రానికి కొట్టుకుంది. ఆ మోత పుల్ల వెంట పళ్ళలోకి, పళ్ళలోంచి బుర్రలోకి వచ్చేసిందట. గరిటె ఎందుకు విసిరిందని అడిగితే అది మాత్రం చెప్పలేదు. నా కొట్టులో ఉన్న చక్రాలన్నీ వరసపెట్టి కొరికి చూపించాడు. ఆ వయసులో ఆయనకి ముప్ఫై రెండు పళ్ళూ ఉండడం దేవుడి దయ. నేనూ ప్రయత్నించాను. నాకు వేపచేదు తప్ప మరేం తెలియలేదు.

నేను కాఫీ తెప్పించి సంబరపడుతూంటే ఆయన కాఫీ ముట్టుకోకుండా అడిగాడు.

"వానాకాలంలో నానంపిన సక్రాలు ఏ ఊర్లెల్లినాయి?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆ మూడు నెలలూ ఆయన వినకుండా, విన్నట్టు తలాడించి పంపిన చక్రాలవి. నా చేతి మీదుగా ఆరు జతలు వెళ్ళాయి. మా దగ్గర చక్రం కొనేవాడు ఏ ఊరో, ఏం అమ్ముతాడో, బండి ఎక్కడ పెడతాడో చెప్పకుండా కొనడు. అన్నీ నాకు నోటికి వచ్చు. చెప్పాను. "పద" అన్నాడు.

అలా నా స్కూటరు మీద ఇద్దరం బయల్దేరాం. నేను నడపడం, ఆయన వెనక సుత్తీ పుల్లా పట్టుకుని కూర్చోవడం. గజపతినగరం సంతలో రెండు జతలు చూశాం. విజయనగరంలో జామకాయలమ్ముకునే ముసలమ్మ బండి కిందకి ఈయన దూరి చక్రానికి పళ్ళు ఆనించేసరికి ఆవిడ లబోదిబోమంది.

"ఓలమ్మో! ఈ ముసిలోడు నా సక్రం నాకుతన్నాడేటర్రా! ఏటి మందు తాగినాడో!"

ఆవిడ గోల ఆయనకి వినపడలేదు. పదహారు ఆకులూ మోగాకే బయటికి వచ్చి, "బాగుందమ్మా, ఏం బయం లేదు" అన్నాడు. ఆవిడ తిట్లు ఆపి, ఒక జామకాయ చేతిలో పెట్టి పొమ్మంది.

నాలుగోది చెరుకురసం బండి. ఎడమ చక్రంలో ఒక ఆకు మోగలేదు. మేస్త్రి మొహం నల్లబడిపోయింది. కొత్తది తెచ్చిస్తాం, అప్పటి దాకా బండి కదపొద్దంటే బండివాడు వినడు. "నడుస్తన్నాది కదా, మీకేటి బాద?" అంటాడు. మేస్త్రి వెళ్ళి ఆ చక్రం ముందు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నా మీంచి తోసుకెల్లు" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ చీపురుపల్లి దాకా వెళ్ళి ఆయన పుల్లతో చూసి ఉంచిన కొత్త చక్రం తెచ్చేదాకా అక్కణ్ణించి లేవలేదు. ఆ మండుటెండలో ఆయనకి చెరుకురసం పోసింది కూడా ఆ బండివాడే.

ఐదోది బాగానే ఉంది. ఇక మిగిలింది శ్రీకాకుళం పక్కన అరసవల్లి జత. దేవస్థానం వీధి మొదట్లో బజ్జీల బండి. ఆ బండి నడిపే అమ్మాయి పుట్టిల్లు మా ఊరు. వాళ్ళ తమ్ముడు వచ్చి, అక్క బండికి మంచి చక్రాలు కావాలని ముందుగా చెప్పి చేయించుకున్నాడు. గోనెపట్టాలో చుట్టి వచ్చిన జతని నేను విప్పకుండానే అతనికి ఇచ్చేశాను.

ఈ ఒక్క బండి గురించే మేస్త్రికి ఎక్కువ బెంగ. "మిగతావి ఊడితే కాయలు దొర్లుతాయి. ఇది ఊడితే కాగిన నూని బాబూ" అనేవాడు. అంతలో ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి, స్కూటరెక్కలేకపోయాడు. పని ఉండి నేను శ్రీకాకుళం వెళ్తున్నానని తెలిసి సుత్తి నా చేతికిచ్చాడు.

"నీకు సెవులున్నాయి కదా, పుల్ల అక్కర్లేదు. ప్రతి ఆకూ కొట్టు. తొందరపడకు."

ఇప్పుడు రాయవలసింది రాస్తున్నాను.

నేను వెళ్ళింది ఆదివారం. అరసవల్లిలో ఆదివారమంటే సూర్యనారాయణమూర్తి దర్శనానికి వచ్చిన జనం, ఆటోలు, చెప్పుల కుప్పలు. ఎండ మాడు పగలగొడుతోంది. ఆకలి. ఆటోవాడు అరకిలోమీటరు ముందే దింపేశాడు. దూరంగా ఆ బండి కనిపించింది, చుట్టూ యాభై మంది. ఆ గుంపులో దూరి, బట్టలు మాపుకుని, చక్రం కింద కూర్చుని టక్కు టక్కుమనిపించాలా? ఐదు జతలు చూస్తే ఒకటే చెడ్డది తేలింది, ఇది కూడా చెడ్డదే అవ్వాలనేముంది, ముసలాడి చాదస్తం కాకపోతే! నాకు చిర్రెత్తుకొచ్చింది. వెనక్కి తిరిగి, శ్రీకాకుళంలో శుభ్రంగా భోజనం చేసి, ఇంటికి వచ్చేశాను.

సోమవారం పొద్దున చీపురుపల్లి వెళ్ళి సుత్తి తిరిగి ఇచ్చాను. మేస్త్రి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు.

"సూసినావా?"

"చూశాను. బ్రహ్మాండంగా మోగింది" అన్నాను, ఆయనకి అర్థమయ్యేలా చేతులూ తలా ఊపుతూ.

"ఎన్నాకులు?"

"ఎనిమిదీ మోగాయి మేస్త్రీ. రెండిటికీ."

ఆయన నా మొహంకేసి కాసేపు చూశాడు. "సరే సావుకారీ. నువ్వు సూసినావు కదా, సాలు" అన్నాడు. భార్యని కేకేసి టీ పెట్టించాడు. నేను టీ తాగి బయల్దేరుతూంటే బట్టీ రాజెయ్యమని ఆవిడతో చెప్పడం వినిపించింది. సోమవారం ఆయన ఎప్పుడూ బట్టీ వెలిగించడు. ఆవిడ తిడుతోంది, ఈయన మోకాళ్ళు పట్టుకుని లేస్తున్నాడు. చాదస్తం ముదిరిందనుకున్నాను.

ఆ తర్వాత మూడేళ్ళ పైన బతికాడు. చక్రాలు కొరుకుతూనే ఉన్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా అదే దుంగ మీద నాకు చోటిచ్చాడు. అవే తిట్లు, అదే టీ. అరసవల్లి ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేనూ మర్చిపోయాను.

పోయిన వారం ఆయన పెద్దకర్మకి వెళ్ళాను. విస్తరి ముందు కూర్చున్నాను. ఆయన భార్య వచ్చి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో, "తిను బాబూ, నీ మాటంటే ఆయనకి ఎంత గురో" అంది. మర్నాడే కొట్టులోంచి ఒక చిన్న సుత్తి తీసుకుని అరసవల్లి బస్సెక్కాను.

బుధవారం, జనం పల్చగా ఉన్నారు. బండి అక్కడే ఉంది. మోచేతుల దాకా శెనగపిండితో ఆ అమ్మాయి బజ్జీలు వేస్తోంది. పక్కనే, చక్రానికి ఆనుకుని, వాళ్ళత్త కాబోలు, నేల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. పైన సలసల కాగుతున్న మూకుడు.

"నేను గజపతినగరం, ఇనపకొట్టు..." అన్నానో లేదో, ఆ అమ్మాయి మొహం విప్పారింది.

"ఓలమ్మ! సావుకారి బాబేటి! ఇన్నాళ్ళకి ఒచ్చినారు! మీరు పంపిన సక్రం రాయినాగున్నాది బాబూ."

"నేను పంపిన చక్రమా?"

"అదే, మేస్త్రి తాతతోటి పంపలేదేటి? ఓ ఆదివారం జనం ఇరగబడి పిండంతా అయిపోనాది, ఆ మంగళారమే. మంగళారం నాను బండెట్టను. తాత ఇల్లు ఎతుక్కుంటూ వచ్చీసినాడు. కుంటుతా, బుజానికి ఒకటి, సేతిలో ఒకటి, రెండు సక్రాలు మోసుకొని. బండి కింద దూరి, పళ్ళల్లో పుల్లెట్టుకొని, ఏటో సేసినాడు. ఈ పక్కది రెండాకులు సచ్చిపోనాయమ్మా అన్నాడు. 'మా సావుకారి మొన్నొచ్చి సూసినాడు, మార్సమని నన్ను పంపినాడు' అన్నాడు. అదిప్పి, ఇది ఎక్కించి, పాతదీ మిగిలిన కొత్తదీ మోసుకొని ఎల్పోనాడు. మంచినీలు తప్ప ఏటీ ముట్లేదు."

నేను కింద కూర్చున్నాను. వాళ్ళత్త ఉల్లిపాయల బుట్ట పక్కకి జరిపింది. చక్రాన్ని ఒక్కో ఆకూ వేలు పెట్టి లెక్కపెట్టాను. తొమ్మిది, పది. మళ్ళీ లెక్కపెట్టాను. పదే. రెండో వైపు వెళ్ళి, మొదటి నుంచీ ఉన్న చక్రం చూశాను. అదీ పదే. పొయ్యి బండికని, కాగిన నూనె బరువుకని, ఆ ఒక్క జతకి ఆయన పదేసి ఆకులు వేశాడు.

ఎన్నాకులు అని నన్నడిగాడు. నేను ఎనిమిది అన్నాను.

అంటే ఆ సోమవారం నేను ఆయన ఇంట్లో టీ తాగుతున్నప్పుడే ఆయనకి తెలుసు. ఆ మోకాళ్ళతో బట్టీ వెలిగించింది అందుకు. మూడేళ్ళ పాటు నేను ఆ దుంగ మీద కూర్చున్న ప్రతిసారీ ఆయనకి తెలుసు. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద, బజ్జీల బండి పక్కన, యాభై రెండేళ్ళ మగవాణ్ణి, చేతిలో సుత్తి పట్టుకుని ఏడ్చాను.

"ఏటయినాది బాబూ?" అంది ఆ అమ్మాయి కంగారుగా.

మేస్త్రి పోయాడని చెప్పాను. అయ్యో అయ్యో అంటూ పొయ్యి మంట తగ్గించింది. ఆ తర్వాత ఇక ఆగలేక చెప్పేశాను.

"ఆ చక్రం నేను పంపలేదమ్మా. నేను నీ బండి దగ్గరికి రానే లేదు. అబద్ధం చెప్పాను. ఆయనే తెలుసుకుని, ఆయనే తెచ్చాడు."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"తాత అదే సెప్పినాడు. 'మా సావుకారి మొగమాటం మనిసి. ఎప్పుడయినా వస్తాడు. వొస్తే, నాను పంపలేదనీసి అంతాడు. నువ్వు నమ్మకు, కూకోబెట్టి నాలుగు బజ్జీలెట్టు' అనీసి."

వాళ్ళత్త తను కూర్చున్న పీట నాకేసి జరిపింది. ఆ అమ్మాయి కాగితంలో నాలుగు బజ్జీలు పెట్టి ఇచ్చింది.